గ్యారేజీ గచ్చుకు రంగు పలుకుల ఎపాక్సీ పూత: రెండేళ్ల వాడకం తర్వాత

రెండు కార్లు పక్కపక్కనే నిలిచే, 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న మా ఇంటి గ్యారేజీని బాగుచేసుకోవాలని తలపెట్టినప్పుడు, అలంకారం ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పారు. గోడల రంగు అని ఒకరు, తలుపు అని ఒకరు, దీపాలు అని మరొకరు అన్నారు. చివరకు నేలతో మొదలుపెట్టాం. రంగు పలుకులు, అంటే సన్నని రంగు ముక్కలు, చల్లుకునే రెండు భాగాల ఎపాక్సీ పూతను (రెండు ద్రవాలు కలిపితే ప్లాస్టిక్‌లా గట్టిపడే పూతను) పెట్టెగా కొని, ఇంటివాళ్లమే వేసుకుని, రెండు పూర్తి సంవత్సరాలు దాని మీద కార్లు నడిపాం. ఈ సమీక్ష ప్రధానంగా ఆ పూత గురించి. పెట్టెలోని సరుకు మంచిది. దానితో ఇచ్చిన సూచనల పుస్తకం మాత్రం చాలదు. ఆ పుస్తకం దాటవేసిన పనులు మేము చేసిన చోట నేల ఈనాటికీ కొత్తగా ఉంది, చేయని చోట పెచ్చులు లేచింది.

పెట్టె తెరిస్తే ఒక డబ్బాలో రెసిన్, మరొక డబ్బాలో దానిని గట్టిపరిచే హార్డెనర్, లేత బూడిద, నలుపు, తెలుపు కలిసిన రంగు పలుకుల సంచి, నేలను గరుకు చేయడానికి నీటిలో కలుపుకునే ఆమ్లపు పొడి, ఒక రోలర్, కొన్ని పుటల పుస్తకం కనిపించాయి. పలుకుల మీద వేయవలసిన పారదర్శకమైన పైపూత ఇందులో లేదు. దానిని విడిగా కొనుక్కోవాలి. పెట్టె మీది బొమ్మలో అద్దంలా మెరిసే నేల ఆ పైపూత లేకుండా రాదు కనుక, ఆ సంగతిని పెట్టె మీదనే స్పష్టంగా రాయవలసింది. కొనేవారు తమకు కావలసినదంతా చేతికి వచ్చిందనుకుని పని మొదలుపెట్టి, సగంలో ఆగిపోయే ప్రమాదం ఇందువల్ల ఉంది.

గ్యారేజీ నేల పడక గది నేల వంటిది కాదు. దాని మీద టన్నుకు మించిన బరువు నాలుగు చిన్న చోట్ల నిలుస్తుంది, ఇంజిన్ నూనె, బ్రేకు ద్రవం కారుతాయి, వానలో తడిసిన టైర్ల నుంచి బురద నీరు జారుతుంది, తలుపు తెరిచినంత సేపూ ముందు భాగం మీద ఎండ పడుతుంది. వీటన్నిటికంటే పూతను ఎక్కువగా చెరిపేది కంటికి కనిపించని చెమ్మ. కాంక్రీటు చూపుకు ఎంత గట్టిగా ఉన్నా, లోపల సన్నని రంధ్రాలతో నిండిన పదార్థం. కింది మట్టిలోని తేమ ఆ రంధ్రాల గుండా ఆవిరిగా పైకి వస్తూనే ఉంటుంది. మామూలు గచ్చు మీద అది గాలిలో కలిసిపోతుంది. దాని మీద ఎపాక్సీ వంటి బిగుతైన పొర పరిచినప్పుడు దారి లేక, పట్టు బలహీనంగా ఉన్న చోట పొరను పైకి నెట్టి బొబ్బలు కట్టిస్తుంది. కొత్తగా పోసిన కాంక్రీటును కనీసం 28 రోజులు ఆరనివ్వాలని చెప్పడంలో ఒక కారణం ఇదే.

చెమ్మను చూసుకోవడానికి ఖరీదైన పరికరం లేకుండానే ఒక మార్గం ఉంది. పక్కకు 18 అంగుళాలున్న చదరపు ప్లాస్టిక్ షీటును నేల మీద పరిచి, నాలుగు అంచులనూ గాలి చొరబడకుండా టేపుతో అతికించి, కనీసం 16 గంటలు వదిలేయాలి. తీసి చూసినప్పుడు షీటు అడుగున నీటి బిందువులు కనిపించినా, కింద గచ్చు ముదురు రంగుకు తిరిగినా, పూతను అప్పటికి మానుకోవడమే మంచిది. ఈ పరీక్ష తేమ ఎంత ఉందో అంకెల్లో చెప్పదు. ఉన్నదా లేదా అన్నంత వరకే చెబుతుంది. మేము తలుపు దగ్గర, మధ్యన, వెనుక గోడ మూలలో, మూడు చోట్ల వేసి చూశాం. మూడూ పొడిగా వచ్చాయి. పుస్తకంలో ఈ పరీక్ష గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

రెండవ పరీక్ష ఇంకా తేలిక. గచ్చు మీద అక్కడక్కడ నీటి చుక్కలు వేస్తే, అవి కొద్ది నిమిషాల్లో ఇంకిపోవాలి. ఇంకకుండా ముత్యాల్లా నిలిచిపోతే అక్కడ నూనె జిడ్డో, గచ్చు రంధ్రాలు మూయడానికి ఎవరో ఎప్పుడో వేసిన పాత సీలరు పూతో ఉన్నట్టు. మా నేలలో కారు ఇంజిన్ నిలిచే చోట రెండు పెద్ద మరకలు ఇలా బయటపడ్డాయి. జిడ్డు వదిలించే ద్రావణం పోసి, గట్టి కుంచెతో తోమి, కడిగి, ఆరనిచ్చి, మళ్లీ చుక్క వేసి చూడటం, ఇంకకపోతే మళ్లీ తోమడం, ఇలా నాలుగుసార్లు చేయవలసి వచ్చింది. ఈ పనిలో విసుగు పుట్టడం సహజమే. అయితే పూత పట్టుకోవలసింది కాంక్రీటును గాని, కాంక్రీటు మీది నూనెను కాదు.

ఇక పెట్టెలో వచ్చిన ఆమ్లపు పొడి సంగతి. దానిని నీటిలో కలిపి పోసినప్పుడు సిమెంటు పైపొర కొద్దిగా కరిగి గరుకుదేరుతుంది. ముట్టుకుంటే సన్నని గరుకు కాగితంలా తగలాలని పుస్తకం చెబుతుంది. నునుపుగా తాపీ పట్టి తీర్చిన గట్టి గచ్చు మీద ఈ పొడి ప్రభావం తక్కువగానూ, చోటుచోటుకూ వేరుగానూ ఉంటుందని మాకు అనుభవం మీద తెలిసింది. తలుపు పక్కన దాదాపు 6 అడుగుల పట్టీని మాత్రమే ఆ పొడితో సిద్ధం చేసి, ఫలితం మీద నమ్మకం కుదరక, మిగిలిన నేలంతటినీ వజ్రపు పలుకులు పొదిగిన చక్రాలుండే గ్రైండింగ్ మిషన్‌ను అద్దెకు తెచ్చి అరగదీశాం. మొదటి పట్టీని కూడా మళ్లీ అరగదీసి ఉండవలసింది. చేయలేదు.

ఆరు నెలలు తిరిగేసరికి ఆ పట్టీలో, సరిగ్గా ముందు టైర్లు ఆగే చోట, అరచేతి వెడల్పున పూత లేచి వచ్చింది. ఎపాక్సీతో పరిచయమున్న పనివాళ్లు దీనిని వేడి టైరు పెచ్చు అంటారు. చాలా దూరం నడిచి వచ్చిన కారు టైర్లు వేడెక్కి ఉంటాయి. నిలిచిన చోట ఆ వేడికి పూత కొంత మెత్తబడి టైరుకు అంటుకుంటుంది. టైరు చల్లారుతూ ముడుచుకునేటప్పుడు పూతను తనతో లాగుతుంది. కింద పట్టు గట్టిగా ఉంటే ఆ లాగుడు ఏమీ చేయలేదు. గ్రైండింగ్ చేసిన భాగంలో అవే కార్ల మిగతా టైర్లు అన్ని రోజులూ నిలిచినా చిన్న గీత కూడా పడలేదు. కాబట్టి తప్పు ద్రవంలో లేదని, నేల తయారీలో ఉందని నేను నిశ్చయంగా చెప్పగలను. ఆ పొడిని పెట్టెలో పెట్టి, దానితోనే సరిపోతుందన్న నమ్మకం కలిగించడం తయారీదారు చేసిన పొరపాటు.

గ్రైండింగ్ గురించి ఒక హెచ్చరిక తప్పనిసరి. కాంక్రీటు ధూళిలో స్ఫటిక సిలికా ఉంటుంది. దానిని పీల్చితే ఊపిరితిత్తులు తిరిగి కోలుకోలేని సిలికోసిస్ జబ్బుకు గురవుతాయి. మిషన్‌కు ధూళి పీల్చే వ్యాక్యూమ్ తగిలించి ఉండాలి, ముఖానికి సరిగ్గా బిగిసే వడపోత మాస్కు ధరించాలి. ఇంట్లోకి తెరుచుకునే తలుపు సందులను టేపుతో మూసేశాం. పిల్లలను ఆ రోజు ఇంట్లో ఉంచకపోవడం మంచిదనిపించి, వేరే చోటికి పంపించాం.

పూత ఎంత విస్తీర్ణానికి సరిపోతుందన్న లెక్కను కొనేవారు తామే వేసుకోవాలి. ఆవిరైపోయే ద్రావకం గాని నీరు గాని లేని, నూటికి నూరు పాళ్లూ గట్టిపడే పూతను ఒక లీటరు తీసుకుని 250 మైక్రాన్ల, అంటే పావు మిల్లీమీటరు, మందంతో పరిస్తే సరిగ్గా 4 చదరపు మీటర్లకు వస్తుంది. మా గ్యారేజీ 400 చదరపు అడుగులు, అంటే దాదాపు 37 చదరపు మీటర్లు. లెక్క ప్రకారం తొమ్మిదింపావు లీటర్లు కావాలి. పెట్టెలో 10 లీటర్లున్నాయి. కాగితం మీద సరిపోయింది. కానీ గ్రైండింగ్ చేసిన గచ్చు గరుకు గుంతల్లోకి కొంత పూతను తాగేస్తుంది, బకెట్ అంచులకూ రోలర్‌కూ కొంత అంటుకుపోతుంది, అందువల్ల వెనుక గోడ దగ్గరకు వచ్చేసరికి మేము పలుచగా లాగవలసి వచ్చింది. లెక్కకు అయిదో వంతు అదనంగా కొనుక్కోవడం వివేకం. నీటిలో కలిసిన రకం పెట్టెలు ఇంకా తేలికగా, తక్కువ వాసనతో ఉంటాయి. వాటిలో గట్టిపడే పదార్థం సగం పాళ్లే ఉంటే, తడిగా ఉన్నప్పుడు కనిపించిన మందం ఆరాక సగమే మిగులుతుంది. కార్లు నిలిచే నేలకు నేను వాటిని ఎంచుకోను.

కలపడం మొదలయ్యాక గడియారమే యజమాని. రెసిన్, హార్డెనర్ కలిసిన క్షణం నుంచి రసాయన చర్య వేడిని పుట్టిస్తుంది. ఆ వేడి చర్యను మరింత తొందరపెడుతుంది. బకెట్‌లో కుప్పగా ఉన్నప్పుడు వేడి బయటికి పోలేదు కనుక అరగంటలోనే చిక్కబడి, పొగలు కక్కే వరకు రావచ్చు. కలిపిన వెంటనే నేల మీద పొడవాటి ధారగా పోసేస్తే అదే ద్రవం ఎక్కువ సేపు పనికి లొంగుతుంది. వాతావరణం 10 డిగ్రీలు వేడెక్కితే చేతిలో ఉన్న సమయం దాదాపు సగానికి తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. ఒకరు కలుపుతూ, ఒకరు అంచులు బ్రష్‌తో దిద్దుతూ, ఒకరు రోలర్ లాగుతూ, ఒకరు పలుకులు చల్లుతూ ఉండేలా నలుగురు కావాలి. ఇద్దరితో ఈ విస్తీర్ణం చేయడం సాహసమే. గచ్చు ఉష్ణోగ్రత మంచు బిందువు (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉండాలన్న నియమం పుస్తకంలో ఉంది, దానిని పాటించాం. లేకపోతే కంటికి తెలియని సన్నని తడి నేల మీద కూడుతుంది.

ఇప్పుడు అసలు అలంకారానికి వస్తాను. రంగు పలుకులంటే పలుచని పాలిమర్ రంగు పొరను ముక్కలుగా తుంచినవి. పావు అంగుళం, అందులో సగం, ఆ సగంలో సగం, ఇలా పరిమాణాల్లో దొరుకుతాయి. పెద్ద పలుకులు చలువరాతి పలకల మీది చుక్కల్లా దూరం నుంచి కూడా కనిపిస్తాయి, చిన్నవి కలిసిపోయి ఒకే రంగులా తోస్తాయి. రెండు కార్ల గ్యారేజీకి పావు అంగుళం పలుకులు నిండుగా ఉంటాయని నా అభిప్రాయం. ఇరుకైన చోట అవి గందరగోళంగా కనిపించవచ్చు. పెట్టెలోని సంచి అక్కడక్కడ చిలకరించడానికి మాత్రమే చాలుతుంది. కింది రంగు ఏమాత్రం కనిపించకుండా నేలంతా కప్పాలంటే చదరపు మీటరుకు సుమారు అర కిలో పలుకులు కావాలి. మేము విడిగా మరో పెట్టె పలుకులు తెప్పించుకున్నాం. మొత్తం ఖర్చులో నాకు పూర్తి తృప్తినిచ్చిన భాగం అదే.

ఎందుకంటే అలంకారంగా కనిపించే ఈ పలుకులు నిజానికి మూడు పనులు చేస్తున్నాయి. ఒకే రంగు పూసిన మెరిసే నేల మీద ప్రతి టైరు గుర్తూ, ప్రతి ఎండుటాకు ముక్కా ఎత్తి చూపినట్టు కనిపిస్తుంది. మూడు నాలుగు రంగులు కలిసిన నేల మీద దుమ్ము కంటికి ఆనదు. గచ్చులోని చిన్న చిన్న ఎత్తుపల్లాలు, పగుళ్లు పూడ్చిన అతుకులు ఆ చుక్కల్లో కలిసిపోతాయి. పైగా పలుకుల అంచులు పైపూత కింద సన్నని గరుకును నిలిపి, తడి కాలికి పట్టునిస్తాయి. సాదా బూడిద రంగు పూత వేసుకున్న తెలిసినవారి గ్యారేజీని చూశాక, ఈ తేడా నాకు మరింత స్పష్టమైంది.

రంగుల ఎంపికలో తొందరపడకూడదు. చేతి వెడల్పు అట్ట ముక్కలకు జిగురు పూసి, పలుకులను వేర్వేరు పాళ్లలో చల్లి, వాటిని గ్యారేజీ నేల మీదనే పెట్టి పగటి వెలుతురులోనూ దీపం వెలుగులోనూ చూశాం. దుకాణంలో అందంగా కనిపించిన నీలం పాలు ఎక్కువైన మిశ్రమం గ్యారేజీలో చల్లగా, ముభావంగా అనిపించింది. చివరకు బూడిద, తెలుపు, నలుపులకు కొద్దిపాటి గోధుమ రంగు కలిపిన మిశ్రమం నిలిచింది. ఇంటి ముందు దారి రంగుతోనూ, తలుపు చెక్క రంగుతోనూ అది పొసిగింది. నాలుగు గోడల వెంట ఒక అడుగు వెడల్పున పలుకులు లేని ముదురు బూడిద పట్టీని టేపు గీతతో వదిలి, అదే రంగును గోడ అడుగున నాలుగు అంగుళాల ఎత్తు వరకు ఎక్కించాం. చిత్రపటానికి చట్రం కట్టినట్టు ఆ పట్టీ నేలకు ఒక హద్దు ఇచ్చింది; నేల కడిగినప్పుడు గోడ అడుగు మీద పడే చిందులు కూడా కనబడటం లేదు.

చల్లడంలో ఒడుపు ఒకటి ఉంది. పలుకులను నేల మీదికి విసిరితే ఒకచోట కుప్పపడి, రాయి విసిరినట్టు గుంత చేస్తాయి. గుప్పిట నిండా తీసుకుని పై కప్పు వైపు ఎగరేస్తే, వానలా విడిపోయి సమంగా రాలుతాయి. తడి పూత మీద నడవడానికి అడుగున మేకులున్న చెప్పులు వాడాలి. మరుసటి రోజు ఆరిన నేలను వెడల్పు బద్దతో రెండు దిక్కులా గోకి, నిక్కబొడుచుకున్న పలుకుల అంచులను తీసేసి, వ్యాక్యూమ్‌తో పీల్చాలి. ఈ గోకుడు సరిగ్గా లేకపోతే చెప్పులు లేని కాలికి నేల ముళ్లలా తగులుతుంది, పైపూత కూడా ఎక్కువ తాగేస్తుంది. కాంక్రీటులో కోసి వదిలిన గీతలను మాత్రం గట్టి ఎపాక్సీతో పూడ్చవద్దు. వేడికి చలికి పలక సాగి ముడుచుకునేది ఆ గీతల దగ్గరే కనుక, సాగే గుణమున్న పూరకం కావాలి. మేము వాటిని దాచలేదు. నాలుగు పలకలుగా కనిపించే ఆ విభజన నేలకు అందమే తెచ్చింది.

పైపూత విషయంలో పుస్తకం ఏదైనా పరవాలేదన్నట్టు రాసింది. అది సరికాదు. సాధారణ ఎపాక్సీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పసుపు తిరుగుతుంది. తలుపు దగ్గర ఒక రంగు, లోపల ఒక రంగు అయిపోతుంది. ఎండను తట్టుకునే రకం పాలీయురేతేన్ గాని, పాలీఆస్పార్టిక్ గాని వేయాలి. రెండవది కొద్ది గంటల్లో ఆరుతుంది గనుక మరుసటి రోజుకే నడవవచ్చు. అయితే పనివేగం అలవాటు లేనివారికి అది రోలర్ గీతలు మిగులుస్తుంది. మేము నిదానంగా ఆరే పాలీయురేతేన్‌ను తీసుకుని, జారకుండా సన్నని అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు కలిపాం. రెండు వేసవుల తర్వాత తలుపు దగ్గర తెల్ల పలుకులు తెల్లగానే ఉన్నాయి. దీని వాసన ఘాటైనది, ఆవిరి మండే స్వభావం కలది. గ్యారేజీలో నీళ్లు కాచే గ్యాస్ పరికరం ఉంటే దాని మంటను ముందుగా ఆర్పివేయాలి. పూత వేశాక ఒక రోజు ఆగి నడిచాం, ఏడు రోజులు ఆగి కార్లు ఎక్కించాం.

పూత ఎక్కడ ఆపాలన్న చిన్న విషయం చూపుకు చాలా తేడా తెస్తుంది. తలుపు మూసినప్పుడు దాని అడుగు రబ్బరు పట్టీ వెలుపలి అంచు ఎక్కడ ఆనుతుందో గుర్తుపెట్టి, సరిగ్గా అక్కడ టేపు గీత వేశాం. లోపలి నుంచి ఖాళీ సిమెంటు చార కనిపించదు, బయటికి రంగు పొడుచుకు రాదు.

నేల పూర్తయ్యాక మిగిలిన అలంకారం తేలికైంది. గోడకు వస్తువులు తగిలించే గాడి పలకల్లో పీవీసీవి తీసుకున్నాం. చెక్కపొట్టు పలకలు చవకగా ఉన్నా, తడి కార్లుండే చోట అడుగు అంచులు ఉబ్బుతాయి. దీపాల్లో 4000 కెల్విన్ రంగున్న, అంటే పసుపుకూ నీలానికీ మొగ్గని తెల్లని వెలుగిచ్చే, ఎల్‌ఈడీ పట్టీలు పలుకుల రంగును ఉన్నదున్నట్టు చూపాయి. పసుపు దీపాల కింద మా బూడిద రంగు మురికిగా కనిపించింది. మడతల తలుపు తెరుచుకుని పై కప్పు కిందికి జరిగినప్పుడు మధ్యలోని దీపాన్ని కప్పేస్తుంది కాబట్టి, దీపాలను తలుపు దారికి ఇరువైపులా పెట్టాలి. తలుపు మీదికి పాతకాలపు ఇనుప కీళ్లలా కనిపించే అయస్కాంతపు తొడుగులు చాలు. నిజమైన చెక్క బద్దలు బిగిస్తే తలుపు బరువు పెరిగి స్ప్రింగుల తూకం తప్పుతుంది. మోటారును విడదీసి తలుపును సగం ఎత్తి వదిలితే అది అక్కడే నిలవాలి; కిందికి జారితే శిక్షణ పొందిన పనివారిని పిలిపించాలి. బిగిసిన స్ప్రింగును ఇంటివారు తాకకూడదు.

రెండేళ్ల వాడకంలో నేల సంరక్షణకు మెత్తని చీపురు, గోరువెచ్చని నీరు, ఘాటులేని సబ్బు ద్రావణం తప్ప మరేదీ వాడలేదు. ఇంజిన్ నూనె మరుసటి రోజు తుడిచినా మరక లేకుండా వచ్చింది. బ్రేకు ద్రవం ఒకసారి రాత్రంతా నిలిచి, ఆ చోట మెరుపు కొద్దిగా మందగించింది. కారును పైకెత్తే జాకీ ఇనుప చక్రాలు రెండు సన్నని గీతలు గీశాయి. ఇప్పుడు దాని కింద చెక్క పలక వేస్తున్నాం.

గచ్చు పొడిగా ఉండి, గ్రైండింగ్ చేయడానికి ఓపిక, పైపూతకూ అదనపు పలుకులకూ సిద్ధమైన చేయి ఉన్నవారికి ఈ పెట్టెను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ప్లాస్టిక్ షీటు కింద చెమ్మ కనిపించినవారు, లేదా అద్దె ఇంట్లో ఉన్నవారు, ఒకదానికొకటి గుచ్చుకునే గట్టి ప్లాస్టిక్ పలకలను ఎంచుకోవడం మేలు. అవి నేలకు అంటుకోవు, తీసి మరోచోట పరచుకోవచ్చు. తలుపు దగ్గరి ఆరు అడుగుల పట్టీని వచ్చే పొడి కాలంలో పూర్తిగా గీకి, అరగదీసి, అదే మిశ్రమంతో మళ్లీ వేస్తాం. మొదటిసారి మిగిలిన పలుకులను అందుకోసమే మూత బిగించి దాచి ఉంచాం.